పడిన వాల్‌నట్ చెట్టు పలకలవ్వాలంటే ముందు నీళ్ళ లెక్క తెలియాలి

మేముండేది ఒహాయోలో, కొలంబస్‌కి దగ్గర్లో. పెరట్లో కంచె పక్కన ఒక పెద్ద బ్లాక్ వాల్‌నట్ చెట్టు ఉండేది. ఇల్లు కొన్న ఏడాది దాని దగ్గర్లోనే టమాటా నారు వేశాం, మొక్కలు బాగా లేచాయి, పూత కూడా పట్టింది, ఇంతలో ఒక్కసారిగా వాడిపోయాయి, ఎన్ని నీళ్ళు పోసినా మళ్ళీ తేరుకోలేదు. వాల్‌నట్ వేళ్ళ నుంచి జుగ్లోన్ అనే పదార్థం మట్టిలోకి వస్తుంది, టమాటాకి అది పడదు. ఇక్కడ పెరటి తోట వేసే మనవాళ్ళు చాలామందికి ఆ చెట్టుతో మొదటి పరిచయం ఇలాగే అవుతుంది.

రెండేళ్ళ క్రితం మార్చి నెల గాలివానకి ఆ చెట్టు వేళ్ళతో సహా ఒరిగిపోయింది. చెట్లు కొట్టేవాళ్ళు వచ్చి, ముక్కలు చేసి మిషన్‌లో పొడి చేసి పట్టుకుపోతాం అన్నారు. నాకు మనసొప్పలేదు. మొదలు నుంచి 17 అడుగుల దాకా నిటారుగా ఉన్న మాను, మన దగ్గర టేకుకి ఎంత విలువో ఇక్కడ వాల్‌నట్‌కి అంత. కొమ్మలు తీసుకెళ్ళండి, మాను మాత్రం ఎనిమిదిన్నర అడుగుల చొప్పున రెండు దుంగలు కోసి ఇక్కడే వదిలెయ్యండి అని చెప్పాను. ఆ రాత్రి రాజమండ్రిలో ఉన్న మావయ్యకి వీడియో కాల్ చేశా, ఆయన కలప అడితిలో ముప్పై ఏళ్ళు పనిచేశారు. దుంగలు చూపించి, మిల్లు వాళ్ళని ఎలా మాట్లాడుకోవాలి, ఎంత మందం కోయించాలి అని అడుగుతుంటే ఆయన మధ్యలో ఆపి, "కోతదేముందిరా, ఒక పూట పని. కోశాక ఎక్కడ ఆరబెడతావు, అది చెప్పు ముందు" అన్నారు.

ఈ రెండేళ్ళలో నాకు అర్థమైంది కూడా అదే. చెట్టుని కలప చెయ్యడం అంటే రంపం, మిల్లు, బ్లేడు అని అందరూ అటే చూస్తారు గానీ ఇందులో ప్రతి నిర్ణయం, అంటే దుంగ చివర్లకి ఏం పుయ్యాలి, ఎటు నుంచి కోయాలి, ఎంత మందం, ఎలా పేర్చాలి, ఇవన్నీ ఒక్క నీళ్ళ లెక్క మీదే నడుస్తాయి. ఆ లెక్క తెలిస్తే మిగతావన్నీ వాటంతటవే విడిపోతాయి.

లెక్క ఏంటంటే, అప్పుడే పడిన వాల్‌నట్ చేవలో తేమ 90 శాతం దాకా ఉంటుంది. ఇక్కడ శాతం అంటే మొత్తం బరువులో వాటా కాదు, పూర్తిగా ఆరిన చెక్క బరువుతో పోల్చి చెప్పే లెక్క, అంటే 100 కిలోల ఎండు చెక్కలో 90 కిలోల నీళ్ళు దాక్కుని ఉన్నాయన్నమాట. కొన్ని జాతుల్లో ఇది 100 దాటిపోతుంది కూడా, అది చూసి తేమ కొలిచే మీటర్ పాడైందనుకోవద్దు. ఈ నీళ్ళు రెండు చోట్ల ఉంటాయి. చెక్కలో కణాలు సన్నటి గొట్టాల్లా ఉంటాయి, కొంత నీరు ఆ గొట్టాల లోపల ఖాళీలో ఉంటుంది, కొంత ఆ గొట్టాల గోడల్లో ఇంకి ఉంటుంది. ఆరేటప్పుడు ముందు ఖాళీలో నీళ్ళు పోతాయి, అప్పుడు చెక్క తేలికవుతుందే తప్ప సైజు మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగాక గోడల్లో నీరు పోవడం మొదలవుతుంది, అక్కణ్ణుంచి చెక్క కుంచించుకుపోతుంది. వంకర్లు, పగుళ్ళు, మెలికలు అన్నీ ఈ 30 కింద జరిగే గొడవలే.

కుంచించుకుపోవడం అన్ని వైపులా ఒకేలా ఉంటే బాధే లేదు. కానీ చెక్క మూడు దిక్కుల్లో మూడు రకాలుగా తగ్గుతుంది. పొడుగులో దాదాపు తగ్గదు, లెక్కలోకి రాదు. నడిమి దవ్వ నుంచి బెరడు వైపు వెళ్ళే దిక్కులో, పచ్చి నుంచి పూర్తిగా ఆరేదాకా, వాల్‌నట్ 5.5 శాతం తగ్గుతుంది. వలయాల వెంట, అంటే చుట్టూ తిరిగే దిక్కులో, 7.8 శాతం తగ్గుతుంది. ఇవి మాడిసన్‌లో ఉన్న అమెరికా ప్రభుత్వ కలప పరిశోధనశాల వాళ్ళ లెక్కలు. టేకుకి అవే అంకెలు 2.5, 5.8, అందుకే టేకు అంత నెమ్మదైన కలప అని పేరు.

ఇప్పుడు ఒక గుండ్రటి దుంగని ఊహించుకోండి. దాని అడ్డకొలత 5.5 శాతం తగ్గాలంటుంది, చుట్టుకొలత 7.8 శాతం తగ్గాలంటుంది. గుండ్రంగా ఉన్నదేదైనా అడ్డకొలత ఎంత తగ్గితే చుట్టుకొలత కూడా అంతే తగ్గాలి కదా, ఈ రెండు అంకెలు ఒకే గుండ్రంలో ఇమడవు. అందుకని దుంగ ఎక్కడో ఒకచోట బెరడు నుంచి దవ్వ దాకా కేకు ముక్క కోసినట్టు తెరుచుకోవాల్సిందే. దుంగ పగలడం ఎవరి తప్పూ కాదు, దుంగగా ఉంచితే అది పగులుతుంది, అంతే. కాబట్టి దుంగగా ఉన్నన్నాళ్ళు ఆరనివ్వకూడదు, పలకలయ్యాకే ఆరనివ్వాలి.

చివర్లకి మైనం పుయ్యమనేది ఇందుకే. చెక్కలో కణాలు గొట్టాల్లా ఉంటాయని చెప్పాను కదా, అవి మాను పొడవునా నిలువుగా ఉంటాయి, అందుకని దుంగ రెండు చివర్లలో ఆ గొట్టాల నోళ్ళన్నీ తెరిచి ఉంటాయి, పక్కల నుంచి కన్నా చివర్ల నుంచి తేమ 10 నుంచి 15 రెట్లు వేగంగా పోతుంది. మొదటి దుంగకి కోసిన రోజే నీళ్ళలో కలిసే మైనం లాంటి సీలర్ తెచ్చి రెండు పూతలు పూశా. రెండో దుంగకి డబ్బాలో సరిపోలేదు, వచ్చే వారం తెద్దాంలే అనుకున్నా, ఆఫీసు పనిలో పడి మూడు వారాలు గడిచిపోయాయి. ఎండ కూడా పెద్దగా లేదు, అయినా రెండు చివర్లలోనూ పగుళ్ళు వచ్చేశాయి, కోసి చూస్తే ఒక్కోవైపు తొమ్మిది అంగుళాల లోపలి దాకా పోయాయి. ఎనిమిదిన్నర అడుగుల దుంగ ఏడు అడుగులైంది. ఒక డబ్బా సీలర్‌కి ఒకటిన్నర అడుగు వాల్‌నట్ పోగొట్టుకున్నాను, ఆ సంగతి ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. సీలర్ దొరక్కపోతే పాత గోడల పెయింట్ అయినా మందంగా రెండుసార్లు పుయ్యండి, అంత బాగా ఆపదు గానీ ఏమీ లేనిదానికన్నా చాలా నయం.

కొమ్మలెందుకు వదిలేశావు, అవీ లావుగానే ఉన్నాయిగా అని ఇక్కడి ఫ్రెండ్స్ అడిగారు. కొమ్మ అడ్డంగా పెరుగుతూ తన బరువు తనే మోయాలి, అందుకని దాని పైవైపు చెక్క లాగిపట్టిన తాడులా బిగువుగా తయారవుతుంది. కోసేదాకా తెలీదు, రంపం దాటగానే పలక విల్లులా లేచిపోతుంది. బాగా ఒరిగి పెరిగిన మానుకి కూడా ఇదే జబ్బు. కొమ్మల్లో ఒక్కటే పనికొచ్చేది, మాను రెండుగా చీలే పంగ. దాన్ని రెండు కొమ్మల మధ్యగా కోస్తే నెమలి ఈకలు పరిచినట్టు డిజైన్ వస్తుంది. మా చెట్టు పంగ రెండున్నర అడుగులే, అయినా దాచుకున్నా.

ఇక కొలత. ఇక్కడ కలపని బోర్డ్ ఫుట్‌లలో లెక్కేస్తారు, అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉంటే ఒక బోర్డ్ ఫుట్, అంటే మన సీఎఫ్‌టీకి, అదే ఘనపుటడుగుకి, 12 బోర్డ్ ఫుట్‌లు. చిక్కు దుంగ దగ్గర వస్తుంది, ఎందుకంటే గుండ్రటి దుంగలోంచి ఎన్ని పలకలొస్తాయో ముందే అంచనా వెయ్యాలి. మన అడితుల్లో దుంగ నడుమ చుట్టుకొలత టేపుతో తీసి, దాన్ని నాలుగో వంతు చేసి, ఆ అంకెని అదే అంకెతో హెచ్చించి, పొడవుతో గుణిస్తారు. బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచి వచ్చిన పద్ధతి ఇది. ఒహాయో వైపు ఎక్కువగా డోయిల్ స్కేల్ వాడతారు, సన్నటి చివర బెరడు లోపల అడ్డకొలత తీసుకుని, అందులో 4 అంగుళాలు తీసేసి, 4తో భాగించి, ఆ వచ్చినదాన్ని దానితోనే హెచ్చించి, అడుగుల పొడవుతో గుణిస్తారు.

మా మొదటి దుంగ అడ్డకొలత 20 అంగుళాలు, పనికొచ్చే పొడవు 8 అడుగులు. అటూ ఇటూ ఒకే లావు అనుకుంటే అందులో నిజంగా ఉన్న చెక్క 209 బోర్డ్ ఫుట్‌లు. మన అడితి లెక్కలో 164. డోయిల్ లెక్కలో 128. ఒకే దుంగ, మూడు అంకెలు. ఇందులో మోసమేమీ లేదు, ఒక్కో పద్ధతి ఒక్కో రకంగా వృథాని ముందే తీసేస్తుంది, అంతే. కాకపోతే డోయిల్‌లో ఆ 4 అంగుళాల కోత సన్న దుంగలకి చాలా ఎక్కువ దెబ్బ, అదే పొడవున్న 10 అంగుళాల దుంగకి 18 బోర్డ్ ఫుట్‌లే చూపిస్తుంది. మీరు చెట్టు అమ్ముతున్నా, కోత కూలి మాట్లాడుకుంటున్నా, ఏ లెక్క అని ముందే అడగండి.

రంపం విషయంలో చూడాల్సింది ఒకటే, బ్లేడు దారిలో ఎంత చెక్క పొడైపోతుందని. చైన్ సాకి ఫ్రేమ్ బిగించి కోస్తే ఒక్కో కోతకి సుమారు అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు పొడి కింద పోతుంది, పాత గుండ్రటి రంపపు మిల్లులో పావు అంగుళం, పట్టీలా తిరిగే సన్న బ్లేడు ఉండే బ్యాండ్ సాలో పావులో సగం లేదా ఇంకా తక్కువ. పది కోతలు వేస్తే చైన్ సా మూడు అంగుళాలకి పైగా తినేస్తుంది, అంటే రెండు మూడు మంచి పలకలు. దుంగ దగ్గరికి బండి రాలేని చోట చైన్ సా తప్ప దారి లేదు, అది వేరే సంగతి. మా పెరట్లోకి ట్రైలర్ వచ్చేది కాబట్టి బ్యాండ్ సా మిల్లు ఉన్నాయన్ని పిలిచాం.

ఆయన వచ్చి బ్లేడు బిగించకముందే దుంగ మొదలు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, కోసిన ముఖం మీద చెయ్యి పెట్టి చూపించారు. లేత గోధుమ రంగు మధ్యలో నీలం సిరా ఒలికినట్టు ఒక మరక. లోపల ఇనుముంది అన్నారు. వాల్‌నట్‌లో టానిన్లు అనే వగరు పదార్థాలు ఎక్కువ, ఇనుము తగిలితే నల్లటి నీలంగా మారతాయి, ఆ మరక చెక్క నార వెంట పైకీ కిందకీ పాకుతుంది. మెటల్ డిటెక్టర్ పెడితే నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో మోగింది, చెక్కి చూస్తే బట్టల తాడు కట్టే కొక్కెం, దాని మీద చెట్టు మూడు అంగుళాల మందం పెరిగిపోయింది. ఇంటి పెరట్లో చెట్లని పెద్ద మిల్లులు తీసుకోకపోవడానికి కారణం ఇదే. అంత వెతికినా ఇంకో మేకు తగిలి ఒక బ్లేడు పోయింది, దాని ఖర్చు నేనే ఇచ్చాను, అది ముందే మాట్లాడుకున్నదే.

మొదటి పలక లేపినప్పుడు చూసిన రంగు నేను మర్చిపోలేను. వాల్‌నట్ అంటే చాక్లెట్ రంగు అనుకుంటాం కదా, రంపం కింద నుంచి వచ్చినప్పుడు అది బూడిద కలిసిన ఆకుపచ్చ, పచ్చి ఆలివ్ కాయ లాగా. గాలి తగిలాక రంగు తిరగడం మొదలైంది, అక్కడక్కడ ఊదా చారలు తేలాయి, సాయంత్రానికి మొత్తం గోధుమ రంగులోకి వచ్చేసింది. అంచుల్లో మాత్రం రెండు అంగుళాల తెల్ల చెక్క అలాగే మీగడలా మిగిలింది. పెద్ద కంపెనీలు పచ్చి పలకల్ని ఆవిరి గదిలో పెట్టి ఈ తెల్ల చెక్కకి కూడా గోధుమ రంగు పట్టిస్తాయి, దాంతో అమ్ముడుపోయే చెక్క పెరుగుతుంది గానీ ఆ ఊదా, ఎరుపు చారలు చప్పబడిపోతాయి. గాలికి ఆరిన వాల్‌నట్ పక్కన షాపు వాల్‌నట్ పెట్టి చూడండి, నాకైతే అది వెలిసిపోయిన చీరలా కనిపిస్తుంది.

ఎటు నుంచి కోయాలన్నదానికి మళ్ళీ ఆ రెండు అంకెల దగ్గరికే రావాలి. పలక వెడల్పు వలయాల వెంట ఉండేలా కోస్తే, ఇక్కడ ఫ్లాట్ సాన్ అంటారు, పెద్ద పెద్ద గోపురాల్లాంటి గీతలు వస్తాయి, చూడ్డానికి బాగుంటుంది, వెడల్పు కూడా బాగా వస్తుంది, కానీ 7.8 శాతం దిక్కు వెడల్పు మీదే పడుతుంది. పైగా బెరడు వైపు ముఖం ఎక్కువ తగ్గుతుంది కాబట్టి పలక అటువైపు దోనెలా వంగుతుంది. వలయాలు పలక ముఖానికి నిటారుగా నిలబడేలా కోస్తే, అది క్వార్టర్ సాన్, వెడల్పు మీద 5.5 శాతమే పడుతుంది, పలక తిన్నగా ఉంటుంది, కాకపోతే సన్న పలకలొస్తాయి, వృథా ఎక్కువ, కోసేవాళ్ళకి దుంగని తిప్పే పని ఎక్కువ. మూడోది దుంగని రొట్టె ముక్కలు కోసినట్టు పై నుంచి కింద దాకా వరసగా కోసుకుంటూ పోవడం. రెండు వైపులా బెరడు అంచులతో ఈ మధ్య అందరూ చేయించుకుంటున్న డైనింగ్ టేబుళ్ళు ఇలా కోసినవే.

నేను మూడోదే ఒప్పుకున్నా, ఒక చిన్న మార్పుతో. ఇలా కోసినప్పుడు దుంగ నడుమ నుంచి వచ్చే పలకల్లో మధ్యలో దవ్వ ఉంటుంది, దానికి రెండు పక్కలా ఉన్న భాగం మాత్రం సహజంగానే క్వార్టర్ సాన్. దవ్వ ఉన్న పలకని అలాగే ఉంచితే అది నడుమ నిలువునా పగిలి తీరుతుంది. అందుకని ఆ పలకల్లో దవ్వ ఉన్న రెండు అంగుళాల బద్దని తీసేయించా, ఒక్కో పలకలోంచి ఎనిమిది అంగుళాల వెడల్పుతో రెండు ముక్కలొచ్చాయి. వెడల్పు పలక కావాలనే ఆశతో చాలామంది దీన్ని వదులుకోరు, పగిలాక నల్ల రెసిన్ పోసి నింపుతారు. అది ఫ్యాషనే కావచ్చు, నాకు మాత్రం ముందే తెలిసిన పగులుని రానిచ్చి తర్వాత పూడ్చడం నచ్చదు.

మందం ఎప్పుడూ కావాల్సినదానికన్నా ఎక్కువ కోయించాలి. అంగుళం కావాలంటే పచ్చిగా అంగుళం మీద ఎనిమిదో వంతు, ఎందుకంటే ఆరి కొంత పోతుంది, చిత్రిక పట్టడంలో కొంత పోతుంది.

ఆ తర్వాతది పేర్చడం, అందరూ తొందరపడేది ఇక్కడే. మేం మధ్యాహ్నం మూడింటికి కోత పూర్తి చేసి రాత్రి ఎనిమిదిదాకా పేర్చాం. షెడ్డులో ఇటుక దిమ్మెల మీద మోకాలెత్తున దూలాలు, వాటి లెవెల్ దారం కట్టి చూసుకోవాలి, ఎందుకంటే కింద దూలం వంకరగా ఉంటే పలకలన్నీ ఆ వంకరలోనే ఆరి అలాగే ఉండిపోతాయి. ప్రతి రెండు వరసల మధ్య ముప్పావు అంగుళం బద్దలు, 16 అంగుళాలకొకటి, పై వరస బద్ద సరిగ్గా కింది వరస బద్ద మీదే నిలవాలి, చివర బద్ద పలక కొస దాకా జరపాలి. బద్దలు ఎండినవే వాడాలి, పచ్చివి వాడితే అవి తగిలిన చోట అడ్డ మచ్చలు పడి చిత్రిక పట్టినా పోవు. పైన బరువు పెట్టాలి, నేను సిమెంటు ఇటుకలు పెట్టా. నాలుగు పక్కలా గాలి ఆడాలి, ఎండ తగలకూడదు. టార్పాలిన్ కప్పితే లోపల బూజు పడుతుంది, ఎండలో వదిలేస్తే పై పొర ముందే ఆరి బిగుసుకుపోయి, లోపల ఇంకా పచ్చిగా ఉంటుంది కాబట్టి, వేసవిలో చెరువు అడుగు బీటలిచ్చినట్టు పైన సన్న పగుళ్ళొస్తాయి. మావయ్య ఫొటోలు చూసి ఒకే మాట అన్నారు, "మూడో వరసలో ఎడమ పక్క బద్ద జరిగింది, సరిచెయ్యి." వెళ్ళి చూస్తే నిజమే, రెండు అంగుళాలు జరిగి ఉంది.

అంగుళం మందానికి ఏడాది అని అందరూ చెప్పే మాట ఒక మోటు లెక్క. వాల్‌నట్ అంగుళం పలక 20 శాతానికి రావడానికి, ఏ కాలంలో పేర్చామన్నదాన్ని బట్టి 70 రోజుల నుంచి 200 రోజులు పడుతుంది. కానీ మందం రెట్టింపైతే టైము రెట్టింపుతో సరిపోదు, ఇంకా ఎక్కువే పడుతుంది. మా అంగుళం పలకలు మొదటి చలికాలానికే 15కి వచ్చాయి, రెండు అంగుళాలవి అప్పటికి ఇంకా 24. షెడ్డులో ఎన్నాళ్ళుంచినా 12, 13 దగ్గర ఆగిపోతాయి, బయటి గాలిలో తేమ అంత కాబట్టి. ఇంట్లో చలికాలం హీటర్ నడుస్తుంటే చెక్క 6 నుంచి 8కి దిగుతుంది. షెడ్డు పలకతో నేరుగా టేబుల్ చేసి ఇంట్లో పెడితే మొదటి జనవరిలోనే అతుకులు విడిపోతాయి. కాబట్టి చివర్లో ఒకసారి కిల్న్‌లో, అంటే వేడితో కలప ఆరబెట్టే గదిలో, పెట్టించాలి. దానితో ఇంకో లాభం, తెల్ల చెక్కలో పుచ్చు పట్టించే పురుగు. చెక్క నడుమ దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడి ఎక్కించి అరగంట పైగా ఉంచితే గుడ్లతో సహా పోతుంది.

ఇంత ఓపిక పట్టి ఆరబెట్టిన వాల్‌నట్ ఆ తర్వాత పెద్దగా కదలదు, అదే దాని గొప్ప. 1918లో యుద్ధం జరుగుతున్నప్పుడు తుపాకీ మడమలకీ విమానం ప్రొపెల్లర్లకీ ఈ కలపే కావాలని అమెరికాలో బాయ్ స్కౌట్ పిల్లల్ని ఊళ్ళ మీదకి పంపి వాల్‌నట్ చెట్లు వెతికించారు.

రంపపు పొట్టు సంగతి ఒక్కటి చెప్పాలి, ఇది ముఖ్యం. మా వీధి చివర గుర్రాల ఫారం ఉంది, వాళ్ళకిద్దామా అని పిల్లలడిగారు. వాల్‌నట్ పొట్టు మీద గుర్రం నిలబడితే చాలు, గంటల్లో గిట్టల లోపల వాపొచ్చి నడవలేకుండా అయిపోతుంది, మామూలు పొట్టులో కొంచెం కలిసినా ప్రమాదమే. ఎవరికీ ఇవ్వకండి, కూరగాయల మడుల్లో కూడా వెయ్యకండి.

దవ్వ తీసేసిన ఆ ఎనిమిది అంగుళాల ముక్కల్లో మూడింటిని ఉయ్యాల బల్ల కోసం పెట్టుకున్నా, అమ్మ వాళ్ళింట్లో హాల్లో ఉండేది కదా, అలాంటిదే. పచ్చిగా మూడూ కలిపి 24 అంగుళాలు, ఆరాక ఒక అంగుళం తగ్గి 23, అంచులు చిత్రిక పట్టి అతికాక 22 అంగుళాలు రావాలి, ఇద్దరు పక్కపక్కన కాళ్ళు మడుచుకుని కూర్చోడానికి సరిపోతుంది. ఇత్తడి గొలుసులు రాజమండ్రి నుంచి మావయ్య పంపించారు, అవి వచ్చి ఆరు నెలలైంది. మొన్న కిల్న్ ఆయన ఫోన్ చేసి రెండు అంగుళాల పలకలు 11 దగ్గరున్నాయని చెప్పారు. 8కి వచ్చేదాకా వాటికి చిల్లులు పెట్టను.